తెల్ల బొడిపెలు

మొక్కను పీకి వేళ్లకంటిన ఎర్రమట్టి దులపగానే వసుంధర మనసు కాస్త కుదుటపడింది. వేళ్ల నిండా బొడిపెలున్నాయి. తెగిన పూసల దండ చిక్కుకున్నట్టు, ఎక్కడ చూసినా చిన్న చిన్న గుండ్రటి బొడిపెలు. కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. ఒకదాన్ని గోటితో నొక్కి చీల్చి చూసింది. లోపల తెల్లగా ఉంది.

ఇంకొకటి చీల్చింది. అదీ తెలుపే. పక్క సాలులోంచి మరో మొక్కను పీకింది. అదీ అంతే.

వేరుశనగ వేళ్ల మీద పనిచేసే బొడిపె లోపల ఎర్రగా ఉంటుంది. గోటితో చీలిస్తే వేలికి రక్తం అంటినట్టు కనిపిస్తుంది. ఆ ఎరుపున్న చోట బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు బలంగా మార్చి ఇస్తుంటాయి. తెల్లగా ఉన్నాయంటే లోపల చేరినవి మొక్క పెట్టింది తింటున్నాయి తప్ప తిరిగి ఏమీ ఇవ్వడం లేదని అర్థం.

పెనుకొండకు అవతల, కొండ నీడ సాయంత్రానికి గాని చేరని పల్లెలో ఉంది ఆ చేను. చేనుగలామె ఆదెమ్మ. భర్త పోయాక సేద్యమంతా తానే చూసుకుంటోంది. గట్టు మీద నిలబడి హిందూపురం నుంచి వచ్చిన ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. జీవన ఎరువులు తయారుచేసే చిన్న కంపెనీకి మేనేజరు చంద్రశేఖర్, ఆ కంపెనీ ల్యాబులో బాక్టీరియాను పెంచే వసుంధర, ప్యాకెట్లను ఊరూరికీ చేర్చి రైతులకు వాడే పద్ధతి చెప్పే మసూద్.

"ఏం సారూ, మీరిచ్చిన పొడి బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించి నీడన ఆరబెట్టినాము. మసూదు ఎట్ల చెప్తే అట్ల చేసినాము. యూరియా వద్దంటే వద్దనుకున్నాము. ఇప్పుడు చూడండి, చేనుకు కామెర్లొచ్చినట్ల ఉండాది" అంది ఆదెమ్మ. చెయ్యెత్తి చేను చివరకు చూపించింది. "ఆ మూలన మటుకు బాగుండాది. ప్యాకెట్లు చాలక ఆ కాస్త విత్తనానికి ఏమీ కలపలేదు."

ఆ మూల నాలుగు సాళ్లు ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. చంద్రశేఖర్ అటు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. వసుంధర మాత్రం నడిచి వెళ్లి అక్కడ ఒక మొక్కను పీకింది. బొడిపెలు తక్కువే. చీల్చిందల్లా ఎర్రగా ఉంది. ఆ మట్టిలో ఎప్పటినుంచో ఉన్న బాక్టీరియా చేసిన పని అది.

ఆమె తిరిగి వచ్చేసరికి మసూద్ తల వంచుకుని మాట్లాడుతున్నాడు.

"తప్పు నాదే అయింటాది సార్. ప్యాకెట్లు తెచ్చిన పొద్దు పెనుకొండలో దర్గా కాడ వ్యాను ఆపినాను. మా పాపకు జ్వరం తగ్గక మొక్కుకున్నింటి. ఫాతిహా చదివించి వచ్చేలోపల వ్యాను మీదికి ఎండ వచ్చేసింది. అట్టపెట్టెలు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ప్రాణముండేవి కదా సార్ వాటిలో ఉండేది. చచ్చిపోయింటాయి."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చంద్రశేఖర్.

"ఏం కాదులే అనుకుంటి సార్."

చంద్రశేఖర్ ముఖంలో బరువు దిగిపోయిన ఛాయ కనిపించింది. జరిగినదానికి ఒక కారణం, ఒక మనిషి దొరికారు. "విన్నావు కదా వసుంధరా. ఎండకు చచ్చాయి. ఇంకేముంది చూడటానికి?"

వసుంధర అరచేతిలో చీల్చిన తెల్ల బొడిపెలు అలాగే ఉన్నాయి. ఎండకు చచ్చిన బాక్టీరియా వేళ్లలోకి దూరలేదు. అవి చచ్చే ఉంటే ఆ మట్టిలోవే వేళ్లలో చేరేవి, చేనంతా ఆ మూల ఉన్నట్టే ఉండేది. పైన అట్ట కాలినా లోపలి పొడిలో మసూద్ తెచ్చినవి బతికే ఉన్నాయి. బతికి, వేళ్లన్నిటినీ ఆక్రమించి, లోపల పని చేయకుండా కూర్చున్నాయి. అది ఎండ తప్పు కాదు, వ్యాను తప్పు కాదు, దర్గా దగ్గర ఆగిన మనిషి తప్పు అంతకన్నా కాదు. ఈ సంగతి ఆ చేనులో నిలబడినవాళ్లలో ఆమె ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి ఒక్క మాట చాలు.

ఆమె పిడికిలి బిగించింది. "చూడాలి సార్" అంది.

మసూద్ ఆదెమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

* * *

వేసవిలో జరిగిన విషయం ఇది. ప్రతి సీజనుకు ముందు, ల్యాబులో పెరిగిన బాక్టీరియాను కుండీల్లో వేరుశనగ మొక్కలకు పట్టించి చూడాలి. వేళ్ల మీద బొడిపెలు వచ్చాయా, ఎర్రగా ఉన్నాయా అని చూశాకే ప్యాకెట్లు నింపాలి. అది వసుంధర పని. కుండీలు పెట్టింది. మొలకలు వచ్చాయి. అప్పుడే బెంగళూరులో ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఒంట్లో బాలేదని చెప్పి వెళ్లింది. మొదటి ఇంటర్వ్యూ తర్వాత ఇంకొకటుందంటే అక్కడే పిన్ని ఇంట్లో ఆగిపోయింది. ఉద్యోగం రాలేదు. తిరిగి వచ్చేసరికి ఆ ఎండకు కుండీలన్నీ మాడిపోయి ఉన్నాయి. కుండీలకు నీళ్లు పొయ్యమని ఎవరికీ చెప్పి వెళ్లలేదు, చెబితే ఎక్కడికి వెళ్లిందని అడుగుతారని.

మళ్లీ పెట్టడానికి సమయం లేదు. ఆ ఏడాది వానలు ముందే వస్తాయని రైతులు తొందరపెడుతున్నారు. చంద్రశేఖర్ ల్యాబు గుమ్మంలోంచే అడిగాడు, "కుండీల పరీక్ష పాసేనా?"

"పాసే సార్" అంది వసుంధర. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ బాక్టీరియా పరీక్ష తప్పలేదు కదా అనుకుంది. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆమెకు భయం వేసేది.

పెనుకొండ నుంచి వచ్చిన మర్నాడు ఆమె రెండు రకాల బొడిపెలనూ నలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. చదువుకునే రోజుల్లో ఆమెకు అన్నిటికన్నా నచ్చిన పాఠం ఇదే. మట్టిలో ఉన్నప్పుడు ఈ బాక్టీరియా సన్నటి పుల్లముక్కలా ఉంటుంది. వేరు పక్కన పిల్లవేరు చీల్చుకు వచ్చే సందులోంచి లోపలికి జొరబడి, చివరికి మొక్క కణంలోకే చేరుతుంది. మొక్క దాన్ని చంపదు. పలచటి పొరలో చుట్టి చోటిస్తుంది. ఆ చోట బతకాలంటే బాక్టీరియా మారాలి. ఒకటి రెండుగా చీలి పెరగడం మానుకోవాలి. ఉబ్బి గుండ్రంగా తయారవాలి. మొక్క పంపే చక్కెర తీసుకుని, నత్రజనిని పట్టే పనికే ఒళ్లంతా అప్పగించాలి. అలా మారినవాటిలో చాలావాటికి మళ్లీ మట్టిలోకి వచ్చి పిల్లాపాపలతో పెరిగే యోగం ఉండదు.

ఆదెమ్మ చేను మూలలోని ఎర్ర బొడిపెలో గుండ్రటి పూసలు కనిపించాయి. తెల్ల బొడిపెలో పుల్లముక్కలే. కిక్కిరిసి ఉన్నాయి. లోపలికి వెళ్లాయి గాని మారలేదు.

ఎందుకు మారలేదో ఆమె ఊహించగలదు. ఏళ్ల తరబడి ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చుతూ, తియ్యటి ద్రావణం పోసి పెంచిన బాక్టీరియా అవి. సీసాలో వేరు లేదు, కణం లేదు, మారాల్సిన అగత్యం లేదు. అక్కడ ఆ విద్య మరచినవే జోరుగా పెరుగుతాయి. తరం తరువాత తరం మరచినవి పెరిగిపోయి, మరవనివి వాటి మధ్య కనపడకుండా పోతాయి. అందుకే కుండీల పరీక్ష.

ఆమె మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తలేదు. బయట వరండాలో, పని పోయిన మసూద్ వ్యాను తాళాలు అప్పగించి వెళుతున్న చప్పుడు వినపడింది. ఎవరితోనో "వస్తాన్‌పా" అన్నాడు. ల్యాబు తలుపు దగ్గర ఆగి, "మేడమ్, పోయొస్తా. మీరు కష్టపడి పెంచినవాటిని నేను ఎండకు పెట్టినాను. ఏమనుకోవద్దండి" అన్నాడు. వసుంధర కుర్చీలోంచి లేచింది. నోరు తెరిచింది. "జాగ్రత్త అన్నా" అన్న మాట మాత్రం బయటికి వచ్చింది.

ఆ వారంలోనే ఆమె, కనీసం పంటనైనా కాపాడదామని ఆదెమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, వాన పడితే ఆలస్యం చేయకుండా కాస్త యూరియా చల్లండి. పూత అయి ఊడలు మట్టిలోకి దిగేలోపల చల్లితే కొంతైనా కోలుకుంటుంది."

"అట్లనా తల్లీ? మీ సారు ఒక మాటైనా చెప్పలేదు. నువ్వు గుర్తు పెట్టుకొని చెప్పినావు. నీ కడుపు చల్లగుండ" అంది ఆదెమ్మ.

ఫోన్ పెట్టేశాక వసుంధర అనుకుంది, తిట్టి ఉంటే బాగుండేది. వాన ఆలస్యంగా వచ్చింది. మిగతా రైతులకూ ఫోన్లు చేసి అదే చెప్పింది. ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకోలు విన్నకొద్దీ ఒళ్లు కుంచించుకుపోయేది.

ఆఖరికి చంద్రశేఖర్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, మాడిన కుండీల సంగతి, తెల్ల బొడిపెల సంగతి చెప్పేసింది. ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఆ బాక్టీరియాను పారేయ్. కొత్తది తెప్పించుకుందాం. మళ్లీ ఇట్ల జరగదు కదా?"

"జరగదు సార్. కానీ మసూదన్న?"

"వాడే ఒప్పుకున్నాడమ్మా. నేను వాడి నోట్లో మాట పెట్టలేదు. ఇప్పుడు దీన్ని తవ్వితే ఎవరికి లాభం? నీకా? వాడికేమో ధర్మవరంలో పని దొరికిందంట. నీ పని నువ్వు చూసుకో."

ఆ క్షణంలో తనకు ఎంత హాయిగా అనిపించిందో వసుంధర ఎవరికీ చెప్పుకోలేదు. మేనేజరే వద్దన్నాడు కదా. ఆ హాయి గుమ్మం దాటేవరకే ఉంది.

* * *

ఆదివారం ఉదయం ప్యాసింజరు ఎక్కి ధర్మవరం వెళ్లింది. పట్టునూలుకు రంగులద్దే వీధిలో మసూద్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అతని భార్య ఫిర్దోస్ తలుపు తీసింది. పాప వెనకాలే వచ్చి నిలబడింది, ఆరోగ్యంగా, జడలకు ఎర్ర రిబ్బన్లతో. మసూద్ లుంగీ సర్దుకుంటూ లోపలి నుంచి వచ్చాడు. మోచేతుల దాకా నీలం రంగు.

"ఏం మేడమ్, ఇంత దూరం! కూర్చోండి. ఫిర్దోస్, టీ పెట్టు."

టీ వచ్చేదాకా కూడా ఆగలేకపోయింది వసుంధర. "అన్నా, తప్పు మీది కాదు. ప్యాకెట్లు ఎండకు చెడిపోలేదు. ల్యాబులోనే చెడిపోయి ఉన్నాయి. నేను పరీక్ష చేయకుండానే పాసైందని చెప్పాను."

మసూద్ ఆమె ముఖంలోకి చూసి మెల్లగా నవ్వాడు. ఎవరైనా చావు ఇంటికి వచ్చి ఓదారిస్తే నవ్వే నవ్వు అది.

"మీది మంచి మనసు మేడమ్. నా పని పోయిందని బాధపడి వచ్చినారు. కానీ ఆ పొద్దు పెట్టెలు ఎట్ల కాలినాయో నా చెయ్యికి తెలుసు."

"నేను అబద్ధం చెప్పడం లేదన్నా."

"చెప్తాండారని అనలేదు. నా కోసం చెప్తాండారు, అంతే." అతను పాప తల మీద చెయ్యి వేసి, నీలం అంటుతుందేమోనని తీసేశాడు. "పని పోయిందని కాదు మేడమ్ నాకు. ఈ బిడ్డ కోసం దర్గాకు పోయినాను. బిడ్డకు నయమాయె. అదే పొద్దు అంతమంది పంట నా చేతుల్లో పాడాయె. ఒకరి నోటికాడిది తీసి నా బిడ్డకు పెట్టినట్లయింది గదా అనిపిస్తాది. అప్పటినుంచి దర్గా పక్కకు పోలేదు. పోబుద్ధి కాదు."

ఫిర్దోస్ టీ గ్లాసులు పెడుతూ అంది, "సెలవు దొరికితే చాలు, పెనుకొండకు పోతాడు మేడమ్. ఆదెమ్మక్క చేన్లో కలుపు తీసి వస్తాడు. కూలి ఇస్తే తీసుకోడు. నేనే అన్నాను మొదట్లో, ఎండలో వ్యాను పెట్టి పోతే అట్ల కాక ఇంకెట్లయితాది అని. అనకుండా ఉండాల్సింది."

వసుంధర టీ ఎలాగో తాగేసింది. చేయని తప్పును ఆ మనిషి ఇంత శ్రద్ధగా మోస్తున్నాడు. మోయవలసిన తను ల్యాబులో ఫ్యాను కింద కూర్చుంది. నిజం చెప్పినా అతని దగ్గర అది దయలాగా చెల్లిపోతోంది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నమ్మించడం ఎలా అని ఆలోచించింది. మాటతో కాదు. అతను తన కళ్లతో చూడాలి.

* * *

ఇంటి మేడ మీద కుండీలు పెట్టింది. ఇసుక కడిగి, పెద్ద గిన్నెలో ఉడకబెట్టి ఆరబోసింది, అందులో ఏ బాక్టీరియా మిగలకుండా. కొన్ని కుండీల్లో విత్తనానికి ల్యాబు చల్లగదిలోంచి ఒక్కసారి కూడా బయటికి రాని, తను పారేయకుండా ఉంచిన ప్యాకెట్ల పొడి పట్టించింది. కొన్నింటికి అవే ప్యాకెట్లను విప్పి, పొడిని మేడ మీద ఎండలో పరిచి, రోజుల తరబడి మాడాక పట్టించింది. కొన్నింటికి ఆదెమ్మ చేను మూలలోంచి తెచ్చిన మట్టి కలిపింది. ఈసారి రోజూ తనే నీళ్లు పోసింది. ఊరికి పోవలసి వచ్చినా పోలేదు. పొద్దున్నే మేడెక్కి ఆకుల రంగు చూడటం ఆమెకు శిక్షలాగానే ఉండేది. ఏ కుండీ ఏమవుతుందో ముందే తెలుసు. అయినా కళ్లారా చూడటం వేరు.

మట్టి కలిపిన కుండీల్లో ఆకులు ముదురు రంగు తిరిగాయి. మిగతావి పాలిపోయాయి.

చేలల్లో వేరుశనగ పీకే రోజులు వచ్చాయి. రకానికొక కుండీ చొప్పున సంచుల్లో సర్దుకుని వసుంధర పెనుకొండ రైలెక్కింది. స్టేషన్ నుంచి ఆటోలో పల్లెకు చేరేసరికి ఆదెమ్మ, కూలీలు, వాళ్లతో పాటు మసూద్ వంగి మొక్కలు పీకుతున్నారు. కాయలు తక్కువ. ఉన్నవాటిలోనూ గింజ లేని తాలు ఎక్కువ.

"ఏమ్మా, కుండీలెత్తుకోని వచ్చినావు?" అంది ఆదెమ్మ నడుము నిలుపుతూ.

వసుంధర గట్టు మీద కుండీలను వరుసగా పెట్టింది. ఏ కుండీలో ఏం కలిపిందో చెప్పింది. తర్వాత ఎండలో మాడిన ప్యాకెట్ల కుండీని బోర్లించి, ఇసుక దులిపి, మొక్కను మసూద్ చేతికిచ్చింది.

"చూడండన్నా. ఒక్క బొడిపె అయినా ఉందా?"

మసూద్ వేళ్లను విప్పి చూశాడు. నున్నగా ఉన్నాయి. దారాల్లాగా, ఒక్క బొడిపె లేకుండా.

"ఎండకు చచ్చిపోతే ఇలా ఉంటుంది. చచ్చినవి లోపలికి పోలేవు. మీరు తెచ్చినవి చచ్చిపోయి ఉంటే ఈ చేన్లో ఇక్కడి మట్టిలోవే వేళ్లలో చేరేవి. ఏ నష్టమూ ఉండేది కాదు." రెండో కుండీని బోర్లించింది. "ఇది చల్లగదిలోంచి తీసిన ప్యాకెట్. మీ వ్యాను ఎక్కలేదు. ఎండ మొహం చూడలేదు."

ఆ వేళ్ల నిండా బొడిపెలు. మసూద్ ఆమె చీల్చడానికి ఒప్పుకోలేదు. తనే ఒక్కొక్కటీ గోటితో చీల్చాడు. తెలుపు. తెలుపు. మూడో కుండీలో, ఆదెమ్మ మట్టి కలిపినదాంట్లో, అతని నీలం గోటికి ఎరుపంటింది. అతను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. కూలీలు పని ఆపి దగ్గరకు వచ్చారు.

"ఆ పొద్దు సారుతో వచ్చినప్పుడు మీరు మొక్క పీకి చూసినారు" అన్నాడు మసూద్ చివరికి.

"అవును."

"మీ చేతిలో ఉన్నింది ఇదే. ఈ తెల్లవే."

"అవును."

"అంటే అప్పుడే తెలుసు."

"తెలుసు అన్నా."

అంతవరకూ ఆమె ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చేతిలోని మొక్కను నేలకేసి కొట్టాడు. "నేను తప్పు నాదని చేతులు జోడిస్తాంటే నా ముఖం చూస్తా నిలబడినారే! ఒక్క మాట! ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె గదా! నేను అల్లా ముందర నిలబడలేక సచ్చినాను ఇన్నాళ్లు. నా పెండ్లాం నన్ను దొంగను చూసినట్ల చూసింది. మీరు ఇంటికొచ్చి టీ తాగిపోయినారు!"

వసుంధర తల దించుకోలేదు. ధర్మవరంలో అతను నవ్వినప్పుడు కలిగిన బాధ ముందు ఈ కోపం ఆమెకు ఎంతో నయమనిపించింది. నమ్మాడు కాబట్టే కోపం వచ్చింది. అలా అనిపించినందుకు కూడా ఆమెకు సిగ్గేసింది. ఇక్కడా తన ఊరటనే వెతుక్కుంటోంది.

మసూద్ గట్టు దాటి వెళ్లి వేపచెట్టు కింద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆదెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"యూరియా చల్లమని ఫోన్ చేసినప్పుడే ఈ మాట చెప్పింటే ఏం పొయ్యేదమ్మా?" అంది. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "ఆయప్ప తప్పు చేసినాడు, చెయ్యనీలే అని ఊరికే ఉంటిని. ఎండలో నా చేన్లో కలుపు తీస్తాంటే గట్టు మీద కూర్చోని చూస్తిని. కూలి వద్దంటే మిగిలిందిలే అనుకుంటిని. ఏ తప్పూ లేని మనిషితో చాకిరీ చేయించుకుంటినే! ఆ పాపం నాకూ అంటించినావు."

చెప్పకుండా ఉన్న ఒక్క మాట ఎక్కడెక్కడికి పాకిందో వసుంధరకు అప్పుడు తెలిసివచ్చింది. ఫిర్దోస్ దాకా పోయింది, ఆదెమ్మ దాకా వచ్చింది.

చాలాసేపటికి మసూద్ లేచి వచ్చాడు. ముఖం కడుక్కున్నట్టున్నాడు, గడ్డం తడిగా ఉంది. "ఈడ ఒక్కచోట చెప్తే కాదు మేడమ్. నేను అన్ని ఊర్లకూ పోయి తప్పు నాదని చెప్పుకున్నాను. నల్లమాడ పక్కన, కొత్తచెరువు పక్కన, అందరికీ. మీరూ అన్ని ఊర్లకూ రావల్ల. మీ నోటితో చెప్పల్ల."

"వస్తాను."

"మా ఇంట్లో కూడా చెప్పల్ల. ఫిర్దోస్‌కు. మా పాప కూడా వినల్ల."

"వస్తాను అన్నా."

వెళ్లారు. బస్సుల్లో, ఎక్కడా పక్కపక్కన కూర్చోలేదు. ఒక ఊళ్లో ఒకాయన "సదువుకున్నోళ్లు మీరేనా?" అని మీదిమీదికి వచ్చాడు. మసూద్ అడ్డుపడలేదు. ఇంకో ఊళ్లో ఒక ముసలాయన అంతా విని, "నా చేన్లో బాగనే వచ్చిందే!" అని ఆశ్చర్యపోయాడు. ఆ ప్యాకెట్ విత్తనానికి కలపడమే మర్చిపోయాడని తేలింది. అందరూ నవ్వారు. మసూద్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. కొత్తచెరువు దగ్గర ఒకామె ఏమీ అనకుండా ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. వసుంధర ఆ తలుపు ముందు కాసేపు నిలబడి వచ్చేసింది. తిట్టినవాళ్ల ముఖాలకన్నా ఆ మూసిన తలుపే ఆమెకు ఎక్కువ గుర్తుండిపోయింది.

ధర్మవరంలో ఫిర్దోస్ అంతా విన్నాక ఆమె వైపు చూడనైనా లేదు. భర్త దగ్గరికి వెళ్లి, అతని భుజం మీద చెయ్యి వేసి, "నేను అట్ల అనింటి గదా" అని ఏడ్చింది. వాళ్లను అలా వదిలి వసుంధర చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది.

కంపెనీలో ఆమె ఉండలేదు. ఊర్లన్నీ తిరిగి చెప్పిందని తెలిశాక చంద్రశేఖర్ ఉండనిచ్చేవాడూ కాదు. మసూద్‌ను మళ్లీ రమ్మని కబురు పెట్టాడు గాని అతను పోలేదు. రంగుల పనిలోనే ఉండిపోయాడు. వసుంధర హిందూపురంలోనే ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతోంది. వేళ్లలో చేరే బాక్టీరియా పాఠం వచ్చినప్పుడు పిల్లలకు కుండీలు పెట్టించి, నీళ్లు పోశారా లేదా అని రోజూ అడిగి విసిగిస్తుంది. ఎందుకంత పట్టుదలో వాళ్లకు తెలియదు.

మళ్లీ విత్తనాల కాలం వచ్చినప్పుడు ఆదెమ్మ ఫోన్ చేసింది. నంబరు చూసి వసుంధర కాసేపు ఎత్తలేకపోయింది.

"విత్తనం ఒలిచి పెట్టినాము. ఈసారి ఏం కలపమంటావు?"

ఇంకా తనను అడుగుతోందా అని వసుంధర కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమీ కలపొద్దమ్మా. మీ మట్టిలో ఉండేవే మంచివి."

"సరే. కలపను." ఆదెమ్మ ఫోన్ పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు. వెనకాల కోళ్ల అరుపులు వినపడుతున్నాయి. "పూత కాలానికి వచ్చి చూసిపో. నువ్వు బాగుండాదంటే ఊరికే నమ్మను. పీకి, చీల్చి, నాకు చూపించి చెప్పల్ల."

"వస్తానమ్మా." ఆగి, అడగలేక అడిగింది. "మసూదన్న వస్తాడా?"

"వస్తానన్నాడు. ఈసారి కూలి తీసుకుంటేనే రమ్మన్నాను. నీతో మాట్లాడతాడో లేదో నాకు తెలీదు. అది నేను చెప్పి చేయించే పని కాదు."

"తెలుసమ్మా" అంది వసుంధర.